ఎనిమిది కిలోమీటర్ల బాట సరే, వీధి చివరిదాకా నడిచేదెలా?

తమిళనాడు ఆరోగ్యశాఖ 2023 నవంబరు 4న ‘నడప్పోం నలం పెరువోం’ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. నడుద్దాం, ఆరోగ్యం పొందుదాం అని దాని అర్థం. రాష్ట్రంలోని 38 జిల్లాల్లోనూ ఎనిమిదేసి కిలోమీటర్ల నడక బాటలు గుర్తించారు. చెన్నైకి బెసెంట్ నగర్ వైపు సముద్రపు గాలి వచ్చే బాట దక్కింది. నెలలో మొదటి ఆదివారం అక్కడ బీపీ, షుగరు చూసే శిబిరం కూడా పెడతామన్నారు. మంచి ఆలోచనే. మందుబిళ్ళలు ఇంటికి పంపే ప్రభుత్వం, ఆ బిళ్ళల అవసరం తగ్గించే పని గురించి కూడా ఆలోచించినందుకు మేము సంతోషించాం.

సంతోషించి ఊరుకోలేదు. ఆ వారంలోనే మా సంఘం తరఫున ఒక నడక బృందం పెట్టాం. మాది ఉత్తర చెన్నైలో ఒక పాత పేట. నెల్లూరు, చిత్తూరు వైపు నుంచి మా తాతలు మిల్లుల్లోకి, రైల్వే షాపుల్లోకి పనికి వచ్చి ఇక్కడే ఉండిపోయారు. ఇరవై ఇద్దరం చేరాం. పదముగ్గురు మగవాళ్ళు, తొమ్మిదిమంది ఆడవాళ్ళు, అందరూ అరవై దాటినవాళ్ళే. గుమాస్తా బుద్ధి ఎక్కడికి పోతుంది? మొదటి రోజునే రూళ్ళ పుస్తకం తెరిచి పేరు, వయసు, బరువు, నడుము చుట్టుకొలత రాసి, పక్కన సంతకాలు పెట్టించాం. ఈ రెండేళ్ళకు పైబడిన కాలంలో ఆ పుస్తకం మాకు నేర్పింది రెండు సంగతులు. ఒకటి కంచంలో ఉంది, రెండోది రోడ్డు మీద ఉంది. రోడ్డు సంగతి ఇప్పుడు సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది కనుక ఈ వ్యాసం.

ముందు ఆ ఎనిమిది కిలోమీటర్ల లెక్క చూద్దాం. ఎనిమిది కిలోమీటర్లంటే పదివేల అడుగులని ప్రచారం చేశారు. ఈ పదివేలు వైద్యుల నోట పుట్టిన సంఖ్య కాదు. 1965లో జపానులో అడుగులు లెక్కపెట్టే చిన్న యంత్రం ఒకటి అమ్మకానికి వచ్చింది. దాని పేరు ‘మన్‌పో-కే’, పదివేల అడుగుల మీటరు అని అర్థం. అంకె గుండ్రంగా ఉంది, జనం నోళ్ళలో నిలిచిపోయింది. పరిశోధన తర్వాత ఎప్పుడో వచ్చింది. అమెరికాలో ఐ-మిన్ లీ అనే శాస్త్రవేత్త బృందం సగటు వయసు 72 ఏళ్ళున్న 16,741 మంది స్త్రీల అడుగులు కొలిచి, నాలుగేళ్ళకు పైగా వాళ్ళని గమనించి 2019లో ఫలితాలు ప్రకటించింది. రోజుకు సుమారు 2,700 అడుగులు వేసేవాళ్ళ కంటే 4,400 అడుగులు వేసేవాళ్ళలో మరణాలు 41 శాతం తక్కువగా కనిపించాయి. 7,500 అడుగుల దాకా మేలు పెరుగుతూ పోయి, ఆపైన నిలిచిపోయింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే ఎక్కువ నడుస్తారు కదా అన్న సందేహం ఇలాంటి లెక్కల్లో ఎప్పుడూ ఉంటుంది. అయినా మన వయసువాళ్ళకి ఇంతకంటే పనికొచ్చే లెక్క మాకు దొరకలేదు.

మా బృందంలో టేపు పెట్టి చూశాం. ఒక్కో అంగ 55 నుంచి 60 సెంటీమీటర్లు. ఆ లెక్కన 4,400 అడుగులంటే రెండున్నర కిలోమీటర్లు, 7,500 అంటే నాలుగు కిలోమీటర్ల పైచిల్లర. ఎనిమిది కిలోమీటర్లు నడవాలంటే మాలాంటివాళ్ళకి రెండు గంటలు పడుతుంది. ఆ అంకె విని భయపడి ఇంట్లోనే కూర్చున్నవాళ్ళు మా వీధిలోనే నలుగురున్నారు. సగం నడిచినా చాలని ఎవరైనా వాళ్ళకి చెప్పి ఉంటే బాగుండేది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది కూడా వారానికి 150 నుంచి 300 నిమిషాలే, అంటే రోజుకు అరగంటతో మొదలు. వేగం ఎంత అంటారా? పక్కవాళ్ళతో మాట్లాడగలగాలి, పాట పాడమంటే మాత్రం ఆయాసం రావాలి.

ఇక బరువు. ఆరు నెలలు నడిచాక అందరినీ మళ్ళీ తూకం ఎక్కించాం. చాలామంది కిలో, కిలోన్నర తగ్గారు. ఇద్దరు పెరిగారు. పెరిగిన ఇద్దరిలో ఒకరు ఈ రాత రాస్తున్న చెయ్యే. ఎంత సిగ్గయినా పుస్తకంలో సంతకం ఉంది కనుక దాచలేం. కారణం వెతకడానికి పెద్ద విచారణ అక్కరలేకపోయింది. నడక అయ్యాక మేమంతా వెళ్ళి కూర్చునేది టిఫిను కొట్లో. అరవై, డెబ్బై కిలోల మనిషి అరగంట మామూలు నడక నడిస్తే ఖర్చయ్యేది సుమారు 100 నుంచి 130 కేలరీలు. నూనెలో తేలిన ఒక్క గారె దాన్ని తిరిగి తెచ్చేస్తుంది. నెయ్యి కారే పొంగలి, ఒక గారె, చక్కెర వేసిన ఫిల్టరు కాఫీ కలిస్తే ఐదువందలు దాటుతుంది. అంటే అరగంట సంపాదించి, పావుగంటలో దానికి నాలుగింతలు ఖర్చుపెట్టి ఇంటికి వెళ్ళేవాళ్ళం. నలభై ఏళ్ళు జమాఖర్చులు రాసినవాళ్ళం, ఇది కనిపెట్టడానికి ఆరు నెలలు తీసుకున్నాం.

బృందంలో ఒక్క పెద్దాయన మాత్రం నాలుగు కిలోలు తగ్గారు. ఏం చేశారని అడిగితే పెద్ద రహస్యమేమీ చెప్పలేదు. టిఫిను కొట్టు మానేశారు. మధ్యాహ్నం రెండు గరిటెల అన్నం తగ్గించి, ఆ చోట పప్పు, కూర పెంచారు. రాత్రి భోజనం ఏడున్నరకి ముగించి పావుగంట వరండాలోనే అటూ ఇటూ తిరిగారు. నడకతోనే బరువు తగ్గుతుందనుకోవడం మా మొదటి పొరపాటు. బరువు ముఖ్యంగా కంచంలో తగ్గుతుంది. నడక చేసేది తగ్గినదాన్ని మళ్ళీ పెరగనీయకపోవడం, షుగరునీ బీపీనీ అదుపులోకి తేవడం, రాత్రి నిద్ర పట్టించడం. భోజనం తర్వాత పది, పదిహేను నిమిషాలు నడిస్తే ఎక్కాల్సిన షుగరు అంత ఎక్కదన్నది మా సభ్యులు ఇంట్లో వేలు గుచ్చుకుని చూసుకున్నదే, డాక్టర్లూ చెబుతున్నదే. మన దేశంలో షుగరు వ్యాధి ఉన్నవాళ్ళు 10.1 కోట్లమంది, దాని అంచున ఉన్నవాళ్ళు మరో 13.6 కోట్లమంది అని ఐసీఎంఆర్ అధ్యయనం 2023లో అంచనా కట్టింది. ఆ కోట్లలో మన ఇళ్ళు చాలానే ఉంటాయి.

తూకం అంకె కంటే నడుము టేపు నిజం చెబుతుందని కూడా పుస్తకం చూపించింది. మన దేశపు ఒళ్ళకి మగవాళ్ళలో 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళలో 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్తపడమంటారు. కిలో కూడా తగ్గనివాళ్ళలో కొందరికి నడుము మూడు, నాలుగు సెంటీమీటర్లు తగ్గింది. పంచె ముడి వాళ్ళకి ముందే చెప్పి ఉంటుంది.

మన వయసులో ఇంకొక మెలిక ఉంది. తిండి బాగా కోసేసి గబగబా బరువు తగ్గితే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. అరవై దాటాక పోయిన కండ తిరిగి రావడం కష్టం. కండ పోతే కుర్చీలోంచి లేవలేం, కాలు తూలితే నిలదొక్కుకోలేం. అందుకే అరవై ఐదు దాటినవాళ్ళు వారానికి మూడు రోజులైనా బలానికీ, నిలకడకీ పనికొచ్చే కసరత్తు చేయాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ విడిగా చెప్పింది. జిమ్ము అక్కరలేదు. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం, గోడ పట్టుకుని మడమలెత్తి నిలబడడం, ఒంటికాలి మీద పది లెక్కపెట్టడం చాలు. పప్పు, పెరుగు, గుడ్డు, చేపలు తినేవాళ్ళు చేపలు, ఇవి కంచంలోంచి తగ్గకూడదు. కిడ్నీ జబ్బున్నవాళ్ళు మాత్రం డాక్టరుని అడిగి తినాలి. షుగరుకి ఇన్సులిన్ తీసుకునేవాళ్ళు, కొన్ని రకాల బిళ్ళలు వేసుకునేవాళ్ళు జేబులో రెండు చాక్లెట్లు పెట్టుకుని బయలుదేరాలి. అరికాళ్ళు మొద్దుబారినవాళ్ళు గుడి ప్రదక్షిణానికి తప్ప ఎక్కడా చెప్పుల్లేకుండా నడవకూడదు. అక్కడ కూడా ఎండ పడిన రాళ్ళ మీద వద్దు. నడుస్తుంటే గుండెలో బరువుగా అనిపిస్తే ఆగిపోండి. మిగతావాళ్ళు ఏమనుకుంటారో అని మాత్రం నడవకండి.

ఇంతవరకూ మన చేతిలో ఉన్నది. ఇక రోడ్డు.

2025 ఆగస్టులో మా బృందంలో అందరికంటే క్రమం తప్పకుండా వచ్చే ఒక అక్కయ్యగారు పడిపోయారు. వయసు 68. వాననీటి కాలువ మీద వేసిన మూత పలక ఒకటి పక్కదానికంటే నాలుగు వేళ్ళు ఎత్తుగా ఉంది. వీధి దీపం ఆ రోజు వెలగలేదు. తుంటి ఎముక విరిగింది, ఆపరేషనైంది, మూడు నెలలు మంచం. ఆ ఆపరేషనుకి వాళ్ళ అబ్బాయి తెచ్చిన అప్పు ఇంకా తీరలేదు. చూడడానికి వెళితే కోడలు మా ముందే అంది, “ఇక వీధి వద్దు అత్తయ్యా, మేడ మీదే నడవండి.” ఆవిడ జవాబు, “మేడ మీద ఎవరితో మాట్లాడేదమ్మా?” మరుసటి వారం నుంచి మా తొమ్మిదిమంది ఆడవాళ్ళలో ఆరుగురు రావడం మానేశారు. ఇళ్ళలో ఎవరో కాదన్నారని కాదు, వాళ్ళకే భయం పట్టుకుంది.

ఈ ఆరుగురి సంగతి చిన్నది కాదని మేమెందుకు అంటున్నామంటే, మన దేశంలో చాలినంతగా ఒళ్ళు కదపని పెద్దవాళ్ళు సగానికి సగం ఉన్నారని 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చింది. మగవాళ్ళలో 42 శాతం, ఆడవాళ్ళలో 57 శాతం. ఈ తేడా ఎక్కడినుంచి వస్తుందో మన ఇళ్ళలో చూస్తే తెలుస్తుంది. పొద్దున ఐదున్నరకి మగవాళ్ళం బూట్లు కట్టుకుంటుంటే, వాళ్ళు మనవళ్ళ స్కూలు క్యారేజీలు కడుతుంటారు. వాళ్ళకి వీలయ్యేది సాయంత్రం, చీకటిపడే వేళ. అప్పుడు రోడ్డు నిండా బళ్ళు, ప్లాట్‌ఫారం నిండా పార్కింగు. (ఫుట్‌పాత్‌ని మద్రాసులో మనం ప్లాట్‌ఫారం అనే అంటాం. బయటి తెలుగువాళ్ళు నవ్వితే నవ్వనీయండి.)

ఇప్పుడు కోర్టు సంగతి. 2025 మే 14న సుప్రీంకోర్టు, అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ పాదచారుల హక్కు అనీ, అది రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమనీ చెప్పింది. వికలాంగులు కూడా వాడుకోగలిగేలా ఉండాలంది. రాష్ట్రాలు మార్గదర్శకాలు తేవాలని రెండు నెలల గడువిచ్చింది. తర్వాత అక్టోబరు 7న అదే కేసులో ఇంకా గట్టి ఆదేశాలు వచ్చాయి. 50 నగరాల్లో ఫుట్‌పాత్‌లనీ, రోడ్డు దాటే చోట్లనీ తనిఖీ చేయాలనీ, పాదచారుల భద్రతకి రాష్ట్రాలు మోటారు వాహనాల చట్టం కింద ఆరు నెలల్లో నియమాలు చేయాలనీ చెప్పింది. ఆ ఆరు నెలల గడువు 2026 ఏప్రిల్ మొదటి వారం దాకా. కోర్టు ముందున్న లెక్క ఇదీ. 2023లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో పోయినవాళ్ళు 1,72,890 మంది, అందులో నడిచి వెళుతున్నవాళ్ళు 35,221 మంది. ప్రతి ఐదుగురిలో ఒకరు. మా అక్కయ్యగారిలాగా పడి మంచమెక్కినవాళ్ళు ఈ లెక్కలోకి రారు. బండి గుద్దలేదు కనుక అది ప్రమాదం కూడా కాదు, కాగితం మీద.

నిజానికి కొలతలు కొత్తగా ఎవరూ కనిపెట్టనక్కరలేదు. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 2012లోనే రాసిపెట్టింది. ఇళ్ళున్న వీధుల్లో అడ్డంకి లేని వెడల్పు కనీసం 1.8 మీటర్లు, అంచు రాయి ఎత్తు 150 మిల్లీమీటర్లు, అంటే ఆరు అంగుళాలు, దాటకూడదు. చెన్నై కార్పొరేషను 2014లో పాదచారుల కోసం ఒక విధానమే తీర్మానించింది. 2019 నవంబరులో పాండీ బజారులో విశాలమైన నడక దారి కూడా తెరిచారు. ఆ రోడ్డు పేరు పిట్టి త్యాగరాయ శెట్టిగారిది, దాని కొసన ఉన్న పార్కు పేరు మద్రాసు ప్రెసిడెన్సీకి ప్రధానమంత్రిగా చేసిన పానగల్ రాజాగారిది. ఇద్దరూ మనవాళ్ళే. అక్కడ నడిచినప్పుడల్లా మాకు గర్వంగానే ఉంటుంది. ఆ గర్వం మా పేటకి తిరిగొచ్చి బస్సు దిగగానే పోతుంది. బట్టలు కొనడానికి వెళ్ళే చోట వెడల్పు చేసి, మనుషులు ముసలివాళ్ళయ్యే చోట వదిలేస్తే అది పాదచారుల విధానమా, వ్యాపార విధానమా?

సిగ్నలు దగ్గర కూడా ఇదే వరస. పాదచారుల పచ్చదీపం సాధారణంగా సెకనుకు 1.2 మీటర్ల నడక లెక్క మీద పెడతారు. 18 మీటర్ల రోడ్డుకి 15 సెకన్లు. మా బృందంలో మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు సెకనుకు 0.8 మీటర్లు కూడా నడవరు. వాళ్ళకి 22 సెకన్ల పైనే కావాలి. మిగిలిన ఏడు సెకన్లు వాళ్ళు బస్సుల ముందు నిలబడి ఉంటారు.

అక్టోబరు ఆదేశాలు వచ్చాక మేము చేసిన పని చెబుతాం, ఎవరికైనా పనికొస్తుందని. ఒక ఆదివారం పొద్దున టేపు, సుద్దముక్క, ఫోను పట్టుకుని బయలుదేరాం. సంఘం గది నుంచి వినాయకుడి గుడి దాకా 600 మీటర్లు. ఆ మాత్రం దూరంలో 1.8 మీటర్ల వెడల్పు ఎక్కడా లేదు. ఎత్తుపల్లాలు తేలిన మూత పలకలు పదకొండు, దారి మధ్యలో కరెంటు పెట్టెలు మూడు, అంచు రాయి పదకొండు అంగుళాలున్న చోట్లు నాలుగు. ఒక్కోదానికి ఫొటో, తేదీ, ఎదురుగా ఉన్న ఇంటి నంబరు రాసి పట్టిక తయారుచేశాం. ‘రోడ్లు బాగాలేవు’ అని రాసిన అర్జీకి ఏ గుమాస్తా అయినా ‘పరిశీలించబడును’ అని రాసి పక్కన పెడతాడు. మేమూ ఒకప్పుడు అలాగే రాశాం. ఫలానా ఇంటి ముందు ఏడో పలక ఇన్ని అంగుళాలు లేచి ఉంది అని రాస్తే, దాన్ని చూడకుండా చూశామని రాయడం కష్టం.

భాష సంగతి కూడా చెప్పాలి. రాజ్యాంగం 350వ అధికరణం ప్రకారం దేశంలోగానీ రాష్ట్రంలోగానీ వాడే ఏ భాషలోనైనా అర్జీ ఇచ్చుకోవచ్చు. మా సంఘంలో కొందరు తెలుగులోనే ఇద్దామని పట్టుబట్టారు. ఆ హక్కుని మేము ఎన్నడూ తక్కువ చేయం. కానీ ఇది బడి గురించో, భాషా హక్కు గురించో కాదు, పలకల గురించి. తమిళంలో రాసి, తెలుగు ప్రతి జత చేశాం. పక్క వీధి తమిళ కుటుంబాలు పన్నెండు కూడా సంతకాలు పెట్టాయి. ముసలి మోకాళ్ళకి భాష లేదని ఒకాయన నవ్వించారు. చెన్నైలోనైతే 1913కి ఫోను చేసి ఫిర్యాదు నంబరు తీసుకోవడం మరిచిపోకండి. నంబరు లేని ఫిర్యాదు ఇవ్వనట్టే.

బెంగళూరులో 2025 సెప్టెంబరు నుంచి పాత బీబీఎంపీ పోయి ఐదు కార్పొరేషన్లు వచ్చాయి. అక్కడి మనవాళ్ళు ముందు తమ వీధి ఏ కార్పొరేషనులో పడిందో తెలుసుకోవాలి. లాల్‌బాగ్ దగ్గర ఉన్నవాళ్ళ అదృష్టం వేరు, మిగతావాళ్ళది మా కథే. బరంపురం, యానాం లాంటి ఊళ్ళు 50 నగరాల తనిఖీలోకి రావు. అయితే రాష్ట్రాలు చేయాల్సిన నియమాలు ఊరి పరిమాణం చూడవు, కనుక అక్కడి సంఘాలు కూడా ఇప్పుడే రాయాలి. యానాంవాళ్ళకి గౌతమీ గోదావరి గట్టు ఉంది, షోలాపూరువాళ్ళకి సిద్ధేశ్వరుడి చెరువు ఉంది. మగ్గం ముందు, బీడీల చాట ముందు జీవితమంతా కూర్చున్న షోలాపూరు పెద్దవాళ్ళకి నడక మాకంటే ఎక్కువ అవసరం. అక్కడి సంఘం ఒక పూట కొలతలు తీసి పంపితే ఇక్కడ అచ్చు వేయించే బాధ్యత మాది.

మా అర్జీకి ఏమైందంటే, పదకొండు పలకల్లో ఏడు సరిచేశారు. వీధి దీపం వెలుగుతోంది. కరెంటు పెట్టెలు వేరే శాఖవి కనుక వాటి ఫైలు వేరే చోట తిరుగుతోంది. ప్లాట్‌ఫారం మీది మోటారు సైకిళ్ళు ఎక్కడివక్కడే ఉన్నాయి. వాటిలో రెండు మా సభ్యుల ఇళ్ళవే, ఆ మాట సంఘం సమావేశంలో పేర్లతో సహా చెప్పాం. మానేసిన ఆరుగురిలో నలుగురు తిరిగి వస్తున్నారు. అక్కయ్యగారు సంక్రాంతి తర్వాత నుంచి చేతికర్రతో గుడి దాకా వచ్చి, అరుగు మీద కూర్చుని, మేము తిరిగొచ్చేదాకా ఆగుతున్నారు. టిఫిను కొట్టు మాత్రం మేము ఇంకా పూర్తిగా మానలేదు. నెలకి ఒక్క ఆదివారానికి కుదించాం, గారె ఇద్దరికి ఒకటి.

వచ్చే నెల రెండో ఆదివారం పొద్దున ఐదున్నరకి మిగిలిన నాలుగు పలకలూ, గుడి నుంచి బస్టాపు దాకా ఉన్న దారీ కొలుస్తాం. టేపు, సుద్దముక్క మా దగ్గర ఉన్నాయి. వచ్చేవాళ్ళు చెప్పులతో కాకుండా బూట్లతో రండి, బీపీ బిళ్ళ వేసుకుని రండి.